ఎడమవైపు ఊఁ

ఆదివారం

తలంటుకుంటున్నప్పుడు ఎడమ చెవిలో నీళ్లు పోయాయి. తల పక్కకి వంచి ఒంటికాలి మీద గెంతాను. అత్తయ్య చూసి, "పెళ్లయి ఏడాది దాటింది, ఇంకా తొక్కుడుబిళ్లేనా?" అన్నారు. నీళ్లు బయటికి రాలేదు. నిద్రపోతే అవే వచ్చేస్తాయి.

సోమవారం

రాలేదు.

ఈ డైరీ ఆయన ఆఫీసులో ఇచ్చింది. కిందటి ఏడాదిది, ఒక్క పేజీ కూడా రాయకుండా పడి ఉంది. పాత పేపర్లతో పాటు అమ్మేయబోతుంటే అడిగి తీసుకున్నాను. అచ్చులో ఉన్న తేదీలతో నాకు పని లేదు, వారం పేరు నేనే పైన రాసుకుంటున్నాను. నా బడి ఏడో తరగతితో ఆగిపోయింది. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని టీచరు అనేది. ఆ ముత్యాలు చూపించుకోవడానికి ఎవరూ లేరు గనక వంటింటి గట్టు మీద కూర్చుని ఇందులో పోసుకుంటున్నాను.

ఈరోజు ఆయన ఇంటికొస్తూనే చెప్పులు కూడా విప్పకుండా, "నాకే ఇచ్చారమ్మా ఆ పని!" అన్నారు. వాళ్లమ్మతోనే అన్నా చూసింది నా వైపు.

ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్లందరి పనీ ఒకచోట దాచిపెట్టే ఏర్పాటు ఒకటుందట. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అది గుర్తుపెట్టుకుంటుంది. ఇవాళ్టిది పాడైతే నిన్నటిది తీసి ఇస్తుంది. దాన్ని 'ఏం మారింది?' అని అడగడానికి ఒక కమాండ్ ఉంది. కమాండంటే ఆజ్ఞ అని ఆయనే చెప్పారు. ఆజ్ఞ వెయ్యగానే అది లక్షల ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, పాతదానితో పోల్చుకుని, అప్పుడు గాని జవాబు చెప్పదట. మారింది ఒక్కటే అయినా సరే అన్నీ చదవాల్సిందే. ఈలోగా అందరూ కిందికి దిగి టీ తాగి వస్తారట. ఆ అనవసరమైన చదువు తగ్గించడమే ఈయన పని.

అత్తయ్య అంతా విని, "టీ కొట్టువాడు నాలుగు డబ్బులు చూసుకుంటుంటే వాడి పొట్ట కొట్టడం దేనికిరా?" అన్నారు.

"నా పొట్ట నిండటానికమ్మా."

ఈ శుక్రవారం కాక ఆ పై శుక్రవారం ఆఫీసు పెద్దాయన ముందు చూపించాలట. నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తారు. లేకపోతే ఇన్నాళ్లూ చేసింది పరీక్ష అనుకుని ఇంకోచోట వెతుక్కోవాలి.

ఆయనకో అలవాటుంది. పనిలో చిక్కుముడి పడితే ఎవరికైనా మొదటి నుంచీ చెప్పుకోవాలి. చెబుతూ ఉంటే ముడి ఆయనకే కనబడుతుంది. వినేవాళ్లకి అర్థం కానక్కర్లేదు. పెళ్లయినప్పటి నుంచీ ఆ వినే మనిషిని నేను. ఆయన బల్ల పక్కన స్టూలు వేసుకుని, కుట్టుపని ఒళ్లో పెట్టుకుని ఊఁ కొడుతూ ఉంటాను. నాకు మాట్లాడటం రాదు గాని ఊఁ కొట్టడం బాగా వచ్చు. తాతయ్య దగ్గర నేర్చుకున్న విద్య అది. ఊఁ ఆగితే తాతయ్య కథ ఆపేసేవాడు, అందుకని నిద్రలో కూడా కొట్టేదాన్ని. తాతయ్యకి అనుమానం వస్తే కథ మధ్యలో, "అప్పుడు రాజుగారు మన గేదెని పెళ్లి చేసుకున్నాడు" అనేవాడు. నేను ఊఁ అనేదాన్ని. పొద్దున లేచేసరికి ఇంటిల్లిపాదీ గేదె పెళ్లికి నవ్వుతూ ఉండేవాళ్లు.

చెవి దిబ్బడగానే ఉంది.

మంగళవారం

చెవిలో కీచురాయి కూర్చుని అరుస్తోంది. నీళ్లు ఎండిపోయేటప్పుడు అలా ఉంటుందేమో.

బుధవారం

స్టూలు ఆయనకి అటుపక్కకి, కిటికీ వైపుకి జరుపుకున్నాను. అక్కడ వెలుతురు బాగుంది, సూదిలోకి దారం ఎక్కించడానికి వీలు. అక్కడ కూర్చుంటే నా కుడి చెవి ఆయన వైపు ఉంటుంది. అందుకోసం కాదు గాని, ఉంటుంది.

ఈరోజు డబ్బాల లెక్క చెప్పారు. "మనం తాళం వేసుకుని ఊరెళ్లి వచ్చామనుకో. వంటింట్లో ప్రతి డబ్బా మూతా తీసి, కింద ఒంపి చూస్తావా?"

నేను చెప్పేలోపే వంటింట్లోంచి అత్తయ్య, "నేనైతే చూస్తాను" అన్నారు.

"నిన్నడగలేదమ్మా. మూత మీద దుమ్ము అలాగే ఉంటే లోపలున్నది అలాగే ఉన్నట్టు. ఎవరూ ముట్టుకోలేదు. అవునా?"

"ఊఁ."

"ప్రతి ఫైలుకీ పైన రెండు గుర్తులుంటాయి. చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారన్నది ఒకటి, ఎంత పొడవుందన్నది ఒకటి. ఆ రెండూ మొన్నటివే అయితే లోపలికి తొంగి చూడక్కర్లేదు. మారినవాటినే తెరువు, మిగతావి వదిలెయ్. అంతే!"

"మీ నాన్న పంచదార తినేసి మూత తుడిచి పెట్టేవాడురా" అన్నారు అత్తయ్య. "మూత చూసి నమ్మితే ఆయనకి షుగరు ముదిరేదాకా నాకు తెలిసేదే కాదు."

"అమ్మా, నువ్వు కాసేపు ఆగు."

మామగారు పోయి మూడేళ్లయింది. పంచదార మాట వస్తే ఇప్పటికీ ఆవిడ నవ్వుతారు, ఆ వెంటనే కొంగుతో ముక్కు తుడుచుకుంటారు.

గురువారం

పైవాటాలో ఉండే నర్సక్క మెట్ల దగ్గర నా భుజం తట్టింది. ఉలిక్కిపడ్డాను.

"రెండుసార్లు పిలిచానమ్మా. ఏ లోకంలో ఉన్నావు?"

చెవిలో నీళ్లు పోయాయని చెప్పాను. ఆవిడ చేతిలో సంచీ మెట్టు మీద పెట్టి, నన్ను గోడకేసి నిలబెట్టి, కళ్లు మూసుకోమంది. కుడి చెవి దగ్గర వేళ్లు రుద్దింది. ఎండుటాకులు నలిపినట్టు వినబడింది. తరువాత చాలాసేపు ఏమీ చెయ్యలేదు. కళ్లు తెరిస్తే ఆవిడ వేళ్లు నా ఎడమ చెవి దగ్గర ఆడుతూనే ఉన్నాయి.

"ఇది నీళ్లు కాదు" అంది. ఆవిడ నవ్వడం మానేసింది. "వెంటనే చూపించు. ఇలా ఉన్నట్టుండి పోయిన వినికిడికి మొదట్లోనే మందు పడితే చాలామందికి తిరిగొస్తుంది. నానబెట్టావా, తలుపు మూసుకుపోతుంది. తరువాత ఎంత పెద్ద డాక్టరయినా ఏమీ చెయ్యలేడు."

"ఆయనకి చెబుతాను అక్కా."

"చెప్పు మరి. దానికో ముహూర్తం పెట్టించుకోకు."

సాయంత్రం చెబుదామనే ఉన్నాను. కాఫీ కలిపి తీసుకెళ్లాను కూడా. ఆయన కుర్చీలోంచి లేచి, "చూడు, చూడు" అని ఒక మీట నొక్కారు. రెప్ప వేసి తీసేలోపు తెర మీద జవాబు వచ్చేసింది. ఇదివరకు అందరూ టీ తాగి వచ్చేంతసేపు పట్టేదట. ఆయన మొహం చిన్నపిల్లాడిలా ఉంది. అలాంటి మొహం మీద నా చెవి తీసుకెళ్లి ఎలా పెట్టను?

రేపు.

శుక్రవారం

చెప్పలేదు. ఆయన రాసింది ఈరోజు ఆఫీసులో అందరి మెషీన్లలోనూ పెట్టారు. సంతోషంగా ఉన్నారు.

మా పెద్దమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడకి వినబడదు. ఆవిడ పేరేమిటో నాకు పెద్దయ్యేదాకా తెలియదు. అందరూ చెవిటామె అనే అనేవాళ్లు. ఆవిడ ముందే కూర్చుని ఆవిడ గురించే మాట్లాడుకునేవాళ్లు. ఆవిడ అందరి మొహాలూ చూస్తూ, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వేది, ఒక్క క్షణం ఆలస్యంగా. ఇది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో.

శనివారం

ఆయన ఆఫీసు స్నేహితుడు ఇంటికొచ్చాడు. పెద్ద గడ్డం ఉందని ఇంట్లో గడ్డపాయన అంటాం. మంచి మనిషి, కాఫీ అడిగి తాగుతాడు. నేను కప్పు ఇచ్చి వెళ్లిపోబోతుంటే, "మీరేనా వీడి బాతు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఈయన మొహం ఎర్రబడింది.

"ఏంలేదమ్మా, మా వాళ్లలో ఒక పద్ధతుంది. ప్రోగ్రాం ఎక్కడో తప్పుతుంటే బల్ల మీద ఒక రబ్బరు బాతుని పెట్టుకుని దానికి మొత్తం చెబుతాం. చెబుతుంటే తప్పు దొరికిపోతుంది. మా ఆవిడ వినదు గనక నేను బాతుని కొనుక్కున్నాను. నీ బాతేదిరా అని అడిగితే, ఇంట్లో మా ఆవిడుందిగా అన్నాడు వీడు."

"ఒరేయ్, నేనలా అనలేదు" అన్నారు ఈయన.

"అచ్చం అలాగే అన్నావు."

అత్తయ్యకి నవ్వాగలేదు. "బాతైనా మధ్యమధ్యలో అరుస్తుంది నాయనా. మా పిల్లకి ఊఁ తప్ప రాదు. ఈమధ్య అదీ పిలిచిన పిలుపుకి కాదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు."

నేనూ నవ్వాను. వాళ్లకన్నా ఒక్క క్షణం ఆలస్యంగా.

బాతుకి ఒక సుఖముంది. దానికి చెవి పోయినా ఎవరి పనీ ఆగదు.

ఆదివారం

అత్తయ్యతో కూరగాయలకి వెళ్లాను. ఆవిడ నాకు కుడివైపే నడిచేలా చూసుకున్నాను. రోడ్డు దాటుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. సంచీలో టమాటాలు రోడ్డంతా దొర్లాయి. నా ఎడమపక్క నుంచి బండి ఒకటి చీర కుచ్చిళ్లు రాసుకుంటూ వెళ్లిపోయింది. అతను వెనక్కి తిరిగి ఏదో తిట్టాడు. పెదాలు కదలడం కనబడింది.

"ఎన్నిసార్లు హారన్ కొట్టాడే! చెవుల్లో సీసం పోసుకున్నావా?"

"ఏదో ఆలోచనలో ఉన్నాను అత్తయ్యా."

"ఆలోచన! మేం పిలిచినా అదే, బండివాడు పిలిచినా అదే."

ఇంటికొచ్చాక ఆయనతో ఆవిడ అంటుంటే విన్నాను. కుడి చెవి ఉందిగా. "మీ ఆవిడకి పొగరెక్కింది రా. అమ్మాయ్ అని మూడుసార్లు పిలిస్తే గాని తల తిప్పడం లేదు. వచ్చిన కొత్తలో ఇలా ఉండేది కాదు."

ఆయన, "అలాగే ఉందమ్మా, ఏం మారింది? అదే మనిషి" అన్నారు. కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే అన్నారు. నా తరఫున మాట్లాడినందుకు సంతోషించాలి. సంతోషంగానే ఉంది.

సగం టమాటాలు చితికిపోయాయి.

సోమవారం

నీళ్లే అయి ఉంటాయి.

నర్సక్క మెట్ల మీద కనబడి, "వెళ్లావా?" అని అడిగింది. వెళ్లానని చెప్పాను. ఎందుకలా అన్నానో. ఆవిడ నా మొహం వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

మంగళవారం

ఈరోజు ఆయన మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశారు. చెప్పులు విప్పి, గోడకి ఆనుకుని కింద కూర్చున్నారు. అత్తయ్య మంచినీళ్లిచ్చి ఒళ్లు కాలుతుందేమోనని నుదురు పట్టుకుని చూశారు. జ్వరం కాదు.

గడ్డపాయన ఒక ఫైలుని దాచమని ఆజ్ఞ వేశాడట. వెనువెంటనే అందులో ఒక అంకె మార్చాడు. మూడుని ఎనిమిది చేశాడు. చేత్తో కాదు, ఇంకో ప్రోగ్రాం చేత మార్పించాడు. అందుకని గడియారంలో ముల్లు కదిలేలోపే అయిపోయింది. దాచిన క్షణమూ మార్చిన క్షణమూ ఒకటే. మూడైనా ఎనిమిదైనా ఒక్క అంకే గనక పొడవూ అదే. ఈయన ఆజ్ఞ పైనున్న రెండు గుర్తులూ చూసి, 'ఏమీ మారలేదు' అని చెప్పింది. అది నమ్మి గడ్డపాయన తన దగ్గరున్న కాపీ చెరిపేశాడు. ఎనిమిది పోయింది. మూడు మిగిలింది. ఆ మూడుని పట్టుకుని అందరూ పని చేసుకుంటూ పోతే లెక్కలన్నీ తప్పాయి. ఎక్కడ తప్పిందో తెలియక ఆఫీసంతా తలలు పట్టుకున్నారు. చివరికి పెద్దాయన అందరి ముందూ, "వేగంగా అబద్ధం చెప్పేదాన్ని తయారుచేశావయ్యా" అన్నాడట.

"పైన గుర్తులన్నీ అవేనమ్మా" అన్నారు ఆయన. "లోపల మారిపోయింది. నేను తెరిచి చూడలేదు."

"అది చెప్పకపోతే నీకెలా తెలుస్తుందిరా?"

"అది చెప్పదమ్మా. దానికి నోరెక్కడిది? నేనే చూడాలి."

"పంచదార డబ్బా సంగతి ఆ రోజే చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా బతుకు."

నా చేతిలో గ్లాసు జారింది. స్టీలు గ్లాసు గనక పగల్లేదు. గట్టిగానే మోగి ఉంటుంది. నాకు సగమే మోగింది.

కాసేపటికి ఆయన లేచి మొహం కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నారు. శుక్రవారం లోపు సరిచెయ్యాలి. "ఇదిగో, ఒకసారి రా" అని పిలిచారు. వెళ్లి చూస్తే స్టూలు పాత చోటే ఉంది. అత్తయ్య ఊడ్చి మళ్లీ అటే పెట్టేశారు. కిటికీ వైపుకి జరుపుకుందామంటే ఆయన అప్పటికే చెప్పడం మొదలుపెట్టారు. అలాంటి మొహంతో చెబుతున్న మనిషిని ఆపలేక కూర్చుండిపోయాను. ఎడమ చెవి ఆయన వైపు ఉంది.

ఆయన చేతిలో పెన్ను చూస్తూ కూర్చున్నాను. మాట ఆగినప్పుడు పెన్ను ఆగుతుంది. పెన్ను ఆగినప్పుడల్లా ఊఁ అన్నాను. బాగానే సాగింది. ఒకసారి పెన్ను ఆగింది. ఊఁ అన్నాను. పెన్ను కదల్లేదు. ఇంకోసారి ఊఁ అన్నాను. తల తిప్పి చూస్తే ఆయన నన్నే చూస్తున్నారు.

"నేనింకా ఏమీ అనలేదుగా" అన్నారు. అలసటగా నవ్వారు. "నీకూ బుర్ర వేడెక్కినట్టుంది. పో, వెళ్లి నీ పని చూసుకో."

నేనూ నవ్వేశాను. లేచి వచ్చేశాను.

గేదె పెళ్లి అయిపోయింది. చూసిన పెళ్లివారు లేరు, అంతే తేడా.

బుధవారం

పొద్దున్నుంచీ ఒకటే ఆలోచన. ఆ ఎనిమిది పోవడంలో తప్పెవరిది? పైపైన చూసి సరిపెట్టుకున్న ఆయనదా, ఏమీ చెప్పకుండా మూడులాగే కూర్చున్న ఫైలుదా? గిన్నెలు తోముతూ ఆయనదే అనుకున్నాను. చూడాల్సిన మనిషి చూడాలి కదా. ఏడాదిగా పక్కనే ఉన్న మనిషి. స్టూలు ఎందుకు జరిగింది, కుడివైపే ఎందుకు నడుస్తోంది అని ఒక్కసారైనా అనుమానం రావద్దా? కోపం వచ్చింది. కోపంలో గిన్నెలు బాగా తెల్లబడ్డాయి.

ఆఖరి గిన్నె బోర్లిస్తుంటే ఆయన నిన్నన్న మాటే మళ్లీ గుర్తొచ్చింది. దానికి నోరెక్కడిది అన్నారు. నిజమే. ఫైలుకి నోరు లేదు.

నాకుంది.

చెయ్యి తుడుచుకుని వెళ్లాను. ఆయన ఆఫీసుకి తయారై, నిలబడే కంప్యూటర్‌లో ఏదో చూసుకుంటున్నారు.

"ఏమండీ."

"ఊఁ."

"మీతో ఒక మాట చెప్పాలి."

"ఊఁ."

తల ఎత్తలేదు. ఆ ఊఁ నాకు బాగా తెలుసు. ఎక్కడి నుంచి వస్తుందో, దాని వెనక మనిషి ఉన్నాడో లేడో నన్నడిగితే చెబుతాను. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, "రాజుగారు మన గేదెని పెళ్లి చేసుకున్నాడు" అన్నాను.

"ఊఁ" అన్నారు ఆయన. రెండు అక్షరాలు కొట్టారు. అప్పుడు చేతులు ఆగిపోయాయి. "ఏంటీ?"

"నాకు ఎడమ చెవి వినబడటం లేదు."

ఆయన నా వైపు తిరిగారు. మొత్తం మనిషి తిరిగారు. "ఎప్పట్నుంచి?"

"తలంటుకున్న రోజు నుంచి. నీళ్లనుకున్నాను. నర్సక్క నీళ్లు కాదంది. ఆలస్యమైతే ఇక రాదంది."

"మరి నిన్న నేను చెబుతుంటే ఊఁ కొట్టావుగా?"

"మీ పెన్ను చూసి కొట్టాను."

ఆయన బల్ల మీదున్న పెన్ను వైపు చూశారు. తరువాత స్టూలు వైపు, కిటికీ వైపు చూశారు. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను గాని రాలేదు. ఆయన కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ పని అయ్యాక చెబుదామని. ఈలోగా అనవసరం కదా అని."

ఆ మాటకి ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

వెనక అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో. దగ్గరికొచ్చి, నా కుడివైపుకి తిరిగొచ్చి, నా తల తన భుజానికి ఆనించుకున్నారు. "పొగరనుకున్నానే పిల్లా" అన్నారు. పంచదార మాట రాకుండానే కొంగుతో ముక్కు తుడుచుకున్నారు.

ఆయన ఆఫీసుకి ఫోన్ చేశారు. "ఈరోజు రావడం లేదండీ... తెలుసండీ... శుక్రవారానికి కాకపోతే కాదు" అన్నారు. తెరిచి ఉన్న కంప్యూటర్‌ని అలాగే మూసేశారు.

గురువారం

నిన్న ఆసుపత్రికి వెళ్లొచ్చిన సంగతి రాయలేకపోయాను.

ఆసుపత్రిలో ఒక చిన్న గది ఉంది, గోడలకి పరుపులు అతికించినట్టుంటుంది. లోపల కూర్చోబెట్టి, చెవులకి రెండు దొప్పలు తగిలించి, చేతిలో ఒక మీట పెట్టారు. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి, ఆ అమ్మాయి వెనక ఆయన ఉన్నారు. కుడి చెవికి అయిపోయింది. ఎడమ చెవికి మొదలుపెట్టింది. ఏమీ లేదు. కీచురాయి ఒక్కటే. ఆ అమ్మాయి నా వైపే చూస్తోంది. పాపం, ఎదురుచూస్తోంది అనిపించి నొక్కాను. కాసేపాగి ఇంకోసారి నొక్కాను.

తలుపు తీసుకుని లోపలికొచ్చింది. "నేను శబ్దం పంపకుండానే నొక్కేస్తున్నారేంటమ్మా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"నన్ను సంతోషపెట్టక్కర్లేదు" అంది నవ్వుతూ. "వినబడకపోతే నొక్కకుండా కూర్చోండి. అది కూడా జవాబే."

నొక్కకుండా కూర్చున్నాను. మీట చేతిలో పెట్టుకుని నొక్కకుండా కూర్చోవడం ఎంత కష్టమో. అద్దంలోంచి ఆయన చూస్తున్నారు. తెర మీద ఏం కనబడుతోందో గాని, నేను ఊరికే కూర్చున్నకొద్దీ ఆయన భుజాలు కిందికి దిగిపోతున్నాయి.

డాక్టరు పెద్దావిడ. కాగితం చూసి, "ఇంకాస్త ముందు తీసుకురావలసింది" అంది ఆయనతో. అవునండీ అన్నారు. నేనే చెప్పలేదండీ అన్నాను. ఇంత గట్టిగా అంటాననుకోలేదు. ఆవిడ ఇద్దరి వైపూ చూసి, "ఆలస్యమైంది గాని మించిపోలేదు. ఎంత వస్తుందో మాటివ్వలేను. మాత్రలు ఈరోజే మొదలుపెట్టండి, సరిపోకపోతే చెవిలోకి సూది వేద్దాం" అంది.

బస్సులో ఆయన నాకు కుడివైపు కూర్చున్నారు.

శుక్రవారం

చూపించి వచ్చారు.

నిన్నంతా కూర్చుని సరిచేశారు. ఇప్పుడది గుర్తులు మారని ఫైళ్లన్నిటినీ ఒకేలా వదిలెయ్యదు. దాచిన క్షణానికి మరీ దగ్గరగా ముట్టుకున్నవేవైనా ఉంటే, గుర్తులు సరిగ్గా ఉన్నా సరే వాటిని తెరిచి చూస్తుంది. అలాంటివి ఎప్పుడూ కొన్నే ఉంటాయట. మిగతావాటిని ఇదివరకటిలాగే వదిలేస్తుంది.

పెద్దాయన, "మొన్నటికన్నా కాస్త నెమ్మదిగా ఉన్నట్టుందే?" అన్నాడట. అవునండీ, అనుమానం ఉన్నచోట చూసుకుంటోంది అన్నారట ఈయన. ఉద్యోగం ఖాయం అనలేదు, పొమ్మనీ అనలేదు. ఇంకొన్నాళ్లు చూద్దాం అన్నాడు.

"చూడనీ" అన్నారు అత్తయ్య. "చూస్తే మంచిదేగా."

గడ్డపాయన తన రబ్బరు బాతుని పంపించాడు. 'మీ ఆవిడకి సెలవివ్వు, ఇక దీనికి చెప్పుకో' అన్నాడట. అత్తయ్య దాన్ని స్నానాలగదిలో సబ్బు పక్కన పెట్టారు. పసుపుపచ్చగా బాగుంది.

మంగళవారం

రాసి చాలారోజులైంది.

మాత్రలకి ఆకలెక్కువ. మొహం ఉబ్బింది. "ఇన్నాళ్లకి మా ఇంటి తిండి ఒంటబట్టింది" అంటున్నారు అత్తయ్య. ఒకసారి చెవిలోకి సూది కూడా వేశారు. కీచురాయి కాస్త దూరం జరిగింది. అంతకు మించి ఏమీ లేదు.

నర్సక్కకి అబద్ధం చెప్పానని చెప్పేశాను. "నీ మొహమే చెప్పింది ఆ రోజు. ఇంకో రెండ్రోజులు చూసి మీ అత్తగారికి నేనే చెబుదామనుకున్నాను" అంది.

సాయంత్రాలు ఆయన పని గురించి చెబుతూనే ఉన్నారు. స్టూలు కిటికీ వైపే ఉంటోంది, ఊడ్చినా అత్తయ్య తిరిగి అక్కడే పెడుతున్నారు. నేను మాత్రం వినబడకపోయినా, అర్థం కాకపోయినా ఇప్పుడు ఊఁ అనడం లేదు. మళ్లీ చెప్పండి అంటున్నాను. మొదట్లో నోరు తిరగలేదు. ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తున్నాయి. "నువ్వు ఊఁ కొట్టడం మానేశాక నా పని సగానికి పడిపోయింది" అని నిన్న విసుక్కున్నారు. విసుక్కుని, మొదటి నుంచీ చెప్పారు.

శనివారం

ఆయనకి కొత్త పనొకటి తగిలింది. రోజూ పొద్దున ఆఫీసుకి బయలుదేరే ముందు నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి, కుడి చెవిని అరచేత్తో గట్టిగా మూసి, ఎడమ చెవి దగ్గర ఏదో అంటారు. చెయ్యి తీశాక నేను లేదంటాను. సరే అని వెళ్లిపోతారు. మర్నాడు మళ్లీ అదే.

నిన్న, "నిన్నా లేదు, మొన్నా లేదు. మారితే నేనే చెబుతాను కదా, రోజూ ఎందుకండీ ఇది?" అన్నాను.

"చూడాలి" అన్నారు.

"చూస్తే ఏమొస్తుంది?"

"ఏమీ రాదు. చూడాలి, అంతే."

అత్తయ్య, "ఒరేయ్, ఆ ముచ్చట సాయంత్రం పెట్టుకోరాదూ, బస్సు పోతుంది" అని కేకేశారు. ఉన్న పనిని తగ్గించడమే ఆయన ఉద్యోగం. ఇంట్లో ఈ ఒక్క పనీ ఎవరు చెప్పినా తగ్గించడం లేదు.

ఈరోజు కూడా నిలబెట్టారు. చెయ్యి అడ్డుపెట్టారు. చెంప మీద ఆయన ఊపిరి తగిలింది. నేను లేదని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అప్పుడు, ఎక్కడో నాలుగు గదుల అవతల, మూసిన తలుపు వెనక ఎవరో మాట్లాడినట్టు ఏదో కదిలింది. మాట కాదు, మాట వెళ్లిన జాడ. ఊపిరి తగిలితే అలా అనిపించిందా? కాదు. మళ్లీ కదిలింది.

ఊఁ అనబోయాను. పెదవి దాకా వచ్చింది. ఆయన మొహం చూసి సంతోషపెట్టాలనీ అనిపించింది. ఆ గదిలో మీట నొక్కకుండా కూర్చున్నట్టు ఆపుకున్నాను.

"ఏదో అన్నారు" అన్నాను. "ఏమన్నారో తెలియలేదు. మళ్లీ చెప్పండి."

వీధిలో బస్సు హారన్ కొట్టింది. కుడి చెవి మీదున్న ఆయన అరచేతిని దాటుకుని మరీ వినబడింది. ఆ చెయ్యి కదల్లేదు. ఆయన మళ్లీ చెప్పారు.